సమస్య: “అడవి యూరయ్యె నూరెల్ల నడవి యయ్యె”

నిర్వాహకుడు: ఈసారి ఛందస్సు తేటగీతి. పై పాదం మీ పద్యంలో నాలుగో పాదంగా రావాలి. సందర్భం పురాణేతిహాసాల్లోని అడవి అయి ఉండాలి. అడవుల నరికివేత మీద రాయాలనుకునేవాళ్లు కాస్త ఆగండి, దానికి వేరే సమస్య ఇస్తాను.

గోదారిగట్టు: మొదటి బోణీ నాదే.

రాముఁ డడవికి నేగంగ రథము వెనుక
పౌరు లెల్లరుఁ గదలిరి పరుగు లిడుచు
ఇల్లు వాకిలి శూన్యమై యిరులు నిండె
అడవి యూరయ్యె నూరెల్ల నడవి యయ్యె

నిర్వాహకుడు: ధార బాగుంది. ‘నిండె’ దగ్గర వాక్యం ముగిసింది కాబట్టి తర్వాత ‘అడవి’ అని అచ్చుతో మొదలైనా ఇబ్బంది లేదు. నేను ఈ పాదం ఇచ్చిందే వాల్మీకిని తలుచుకుని. అయోధ్యాకాండ 33వ సర్గలో జనం అంటారు: “వనం నగరమేవాస్తు యేన గచ్ఛతి రాఘవః”. రాముడు వెళ్లే అడవే నగరం కానీ, మేము వదిలేసిన ఈ పురం అడవి కానీ అని. పాములు పుట్టలు వదిలి, మృగాలు కొండచరియలు వదిలి మా ఇళ్లలోకి రానీ అని కూడా అంటారు. కైకేయికి ఆ ఊరే మిగలాలని వాళ్ల కోపం.

పాతకాపు: పద్యం సరే, కథ సరిగా లేదు. వాల్మీకి ‘అస్తు’ అన్నాడు, అంటే అది కోరిక. గోదారిగట్టు గారు దాన్ని జరిగిపోయినట్టు రాశారు. నిజంగా జరిగిందేమిటి? జనం తమసా తీరం దాకా వెళ్లి అక్కడ నిద్రపోయారు. వాళ్లు లేవకముందే రాముడు ప్రయాణం కట్టాడు. జాడ దొరక్కుండా సుమంత్రుడి చేత రథాన్ని ముందు ఉత్తరానికి తోలించాడు కూడా. తెల్లారాక అందరూ ఏడుస్తూ అయోధ్యకే తిరిగొచ్చారు. ఒక్క రాత్రి మకాముకి అడవి ఊరైపోతుందా?

గోదారిగట్టు: ఏమండీ, పద్యానికి ఆమాత్రం అతిశయోక్తి ఉండకూడదా?

పాతకాపు: ఉండొచ్చు. కానీ అతిశయోక్తి అవసరమే లేని ఘట్టం అదే కాండలో ఉంటే దాన్ని వదిలేయడం ఎందుకు? చూడండి:

భరతు వెంటను జనులెల్ల వచ్చి నిలువఁ
జిత్రకూటాన గజవాజి సేన విడిసె
పేడ దిబ్బల నడుమను బెదరె మృగము
అడవి యూరయ్యె నూరెల్ల నడవి యయ్యె

పంచవటి: పేడదిబ్బలా! పాతకాపు గారూ, రామాయణ పద్యంలో ఇదేం మాటండీ?

పాతకాపు: నేను కల్పించింది కాదమ్మా. భరతుడు పాదుకలు తీసుకుని వెళ్లిపోయాక రాముడు చిత్రకూటం ఎందుకు వదిలాడో అయోధ్యాకాండ చివర్లో ఉంది. తల్లులు, భరతుడు, పౌరులు ఇక్కడే కళ్లముందు మెదులుతున్నారన్నది ఒక కారణం. సేన విడిది చేయడంతో గుర్రాల లద్దె, ఏనుగుల పెంటతో ఆ చోటంతా పాడైందన్నది రెండోది. ‘కరీషం’ (పేడ) అని ముని స్వయంగా రాస్తే మనకెందుకు మొహమాటం? అయోధ్య మొత్తం తరలివచ్చి పడితే అడవి ఊరే అయింది. ఊరైంది కాబట్టే రాముడికి అక్కర్లేకపోయింది, అత్రి ఆశ్రమం వైపు నడిచాడు.

నిర్వాహకుడు: భ–వ, చి–సే, పే–బె యతులన్నీ (పాదం మొదటి అక్షరానికీ నడుమ అక్షరానికీ కుదరాల్సిన మైత్రి) చెల్లాయి. ‘నిలువన్’ మీద ‘చి’ని ‘జి’గా మార్చి సరళాదేశం కూడా సరిగ్గా వేశారు. నా మటుకు ఈ వారం పద్యం ఇదే. రాముడు అడవిని అడవిగా ఉండనివ్వాలనుకున్నాడన్న ఊహ మన పద్యాల్లో ఎక్కువగా కనబడదు.

కాననకుసుమం: నాది భారతం.

ఖాండవముఁ గాల్చి మయసభఁ గట్టి రకట
పాచికల నోడి పాండవుల్ పయన మైరి
విప్రు లెందఱో వెంబడి విపిన మేగ
అడవి యూరయ్యె నూరెల్ల నడవి యయ్యె

నిర్వాహకుడు: ‘ఏగన్’ ద్రుతాంతం, అంటే చివర నకారం ఉంది, వాక్యం అక్కడ ఆగలేదు. సంధి చేస్తే ‘నడవి యూరయ్యె’ అవుతుంది, సమస్యా పాదం మారిపోతుంది. ‘వెంబడి వెడలి రపుడు’ అనండి. వి–వె యతి కుదురుతుంది, వాక్యమూ ముగుస్తుంది. ఖాండవాన్ని కాల్చి ఇంద్రప్రస్థం కట్టారని చాలామంది రాస్తుంటారు. ఊరు ముందే వెలిసింది, దహనం తర్వాత జరిగింది, ఆపైన మయసభ. మీరు ఆ వరుస తప్పలేదు.

కొత్తకలం: అందరికీ నమస్కారం. పద్యం రాయడం కొత్త, టెన్షన్‌గా ఉంది.

సూతుఁ డరుదెంచి నంతనే శౌనకాది
మునులు పదివేలు గుమికూడి ముదముతోడఁ
గథలు వినఁ బోవ నైమిశ కాన నిండె
అడవి యూరయ్యె నూరెల్ల నడవి యయ్యె

నిర్వాహకుడు: టెన్షన్ దేనికమ్మా, మూడు పాదాలు నిలబడ్డాయి. మొదటి పాదంలో యతి తప్పింది. ‘శౌ’లోని ఔకారం అ, ఆ, ఐల జట్టు, ‘సూ’కి ఉ, ఊ, ఒ, ఓలు కావాలి. చెవికి ‘శో’లా వినిపించి మోసం చేస్తుంది. ఇలా మార్చుకోండి: “శౌనకుఁడు సేయు సత్రాన సౌతి నిలువ”. భారతం చెప్పింది లోమహర్షణుడి కొడుకు ఉగ్రశ్రవసుడు కాబట్టి ‘సౌతి’ (సూతుడి కొడుకు) ఇంకా నప్పుతుంది.

పాతకాపు: పదివేలు అనడం బాగుంది. శౌనకుణ్ని కులపతి అంటారు కదా, పదివేలమంది శిష్యులకు అన్నం పెట్టి చదువు చెప్పేవాడని దానికి చెప్పే అర్థం. 12 ఏళ్ల సత్రయాగం, అంతమందికి వంట! అది ఊరు కాక మరేమిటి? కానీ ఏ ఊరు అడవైందో పద్యంలో లేదు, సమస్యలో సగం గాల్లో వేలాడుతోంది.

కొత్తకలం: నిజమే సార్. నైమిశానికి ఆ సగం దొరకదేమో. వేరే కథ వెతుకుతాను.

పంచవటి: ఆ సగం దండకలో ఉంది.

దండ నృపతి దుశ్చేష్టకు దైత్యగురుఁడు
మండి శపియింప నూరిపై మట్టి గురిసె
తాపసుల్ నిల్వ నదె జనస్థాన మయ్యె
అడవి యూరయ్యె నూరెల్ల నడవి యయ్యె

ఉత్తరకాండలో రాముడికి అగస్త్యుడు చెప్పిన కథ. శుక్రుడి కూతురు అరజను దండుడు చెరిచాడు. ఏడు రాత్రుల్లో రాజ్యమంతా మట్టివానకు నాశనమై దండకారణ్యమైంది. అందులో తపస్వులు నిలిచిన చోటు జనస్థానం.

గోదారిగట్టు: అదిరింది! తా–స్థా యతి ఎలాగండీ?

నిర్వాహకుడు: సంయుక్తాక్షరంలో ఏ హల్లుకైనా యతి వేయొచ్చు. స్థాలో థకారం ఉంది, తకారంతో మైత్రి చెల్లింది. ఒక్క ఇబ్బంది: చివరి రెండు పాదాల్లో మూడు ‘అయ్యె’లు. ‘జనస్థాన మనిరి’ అంటే ఒకటి తగ్గుతుంది.

పాతకాపు: సమస్యలో అడవి ముందు, ఊరు తర్వాత. మీ కథలో ఊరు ముందు పోయింది.

పంచవటి: పోనివ్వండి బాబాయ్ గారూ. వాల్మీకి కూడా ముందు రాముడు నడిచిన అడవి గురించి రాసి, అది అడవి ఎలా అయిందో ఉత్తరకాండ దాకా చెప్పలేదు కదా!

పాతకాపు: సరే, ఒప్పుకున్నాను. ‘అయ్యె’ను మాత్రం ‘మనిరి’గా మార్చు.