తీగ లాగితే కదిలిన డొంక ఏది?

నిన్న ఈ గుంపులో ఒకరు అడిగారు: "తీగ లాగితే డొంకంతా కదిలింది అంటారు కదా, డొంక అంటే బళ్ళ దారి. దారి ఎలా కదులుతుందండీ?" ముగ్గురు నవ్వు బొమ్మలు పెట్టి వెళ్ళిపోయారు. ఒకాయన "సామెతలకి లాజిక్ వెతక్కూడదు" అని తీర్పు చెప్పారు. నేను మాత్రం నవ్వలేకపోయాను. ఈ ఒక్క మాట వల్ల మా ఇంట్లో మూడు రోజులు టెన్షను, మా తమ్ముడి కాళ్ళనిండా ముళ్ళు, ఆనక ఒక పెళ్ళి. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపికున్నవాళ్ళు చదవండి.

ముందు నాకు తెలిసింది చెప్పేస్తాను. ఆ సామెతలో డొంక అంటే పొద, దట్టంగా అల్లుకున్న తుప్ప. పైకి ఒక్క తీగే కనిపిస్తుంది, పట్టుకుని లాగితే దాన్ని అల్లుకున్నవన్నీ ఊగుతాయి. పేపర్లో ఏ కుంభకోణం వార్త చదివినా ఈ సామెత తగులుతుంది. ఇంగ్లీషువాళ్ళు క్లూ అనేది కూడా మొదట్లో దారపు ఉండే. గ్రీకు కథలో ఒకడు చిక్కుదారుల కోటలోంచి ఆ దారం పట్టుకునే బయటపడతాడు. వాళ్ళది దారం పట్టుకుని బయటికి రావడం. మనది తీగ పట్టుకుని లోపలున్నదాన్ని కదపడం. నాకు మనదే నచ్చుతుంది, మనవాళ్ళ కూపీలన్నీ అలాగే ఉంటాయి.

ఇంక మా గొడవ. మాది పర్లాకిమిడి. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, శ్రీకాకుళం జిల్లా. ఇవతల మేము ఒడిశా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పటి నుంచీ అంతే. బోర్డులు ఒడియాలో, వంటింట్లో తెలుగు. నాకు మా నాన్న పలక మీద తెలుగు దిద్దించాడు. తమ్ముడి వంతు వచ్చేసరికి ఆయనకి ఓపిక అయిపోయింది. వాడిది ఒడియా మీడియం. తెలుగు మాట్లాడమంటే గంటలు గంటలు మాట్లాడతాడు, చదవమంటే ఒక్కో అక్షరం కూడబలుక్కుంటాడు.

వాడికి ఇంకో జబ్బుంది. తానో పెద్ద డిటెక్టివ్‌నని. పక్కింటి మేక తప్పిపోతే గిట్టల గుర్తులు కొలుస్తాడు. మా మేడ మీద అప్పట్లో బ్యాంకు ఉద్యోగం చేసే అమ్మాయి అద్దెకుండేది, తెనాలి వైపు పిల్ల. సాయంత్రమైతే మెట్ల దగ్గర నిలబడి ఆ అమ్మాయికి తన పరిశోధనల కథలు చెప్పేవాడు. ఆ అమ్మాయి వినేది. పాపం, అద్దె ఇంట్లో ఉన్నాక వినక ఏం చేస్తుంది అనుకునేదాన్ని నేను.

ఒక జూన్ నెలలో, తొలకరి పడిన మర్నాడు, వాడి సైకిలు మాయమైంది. తలుపు గడియలో ఒక చీటీ. తెలుగు కేలెండరు కాగితం చింపి, దాని వెనక రాసింది:

"సైకిలు డొంకలో ఉంది. కంగారు పడకండి."

సంతకం లేదు. నేను చదివి వినిపించాను. వాడు ఛాతీ విరుచుకుని, టార్చి పట్టుకుని, ఏటి ఒడ్డు తుప్పలన్నీ గాలించడానికి బయల్దేరాడు. సాయంత్రానికి ఒక తెగిన చెప్పు, ఎవరిదో సొట్టపడిన చెంబు, ఒక తేలుకుట్టు దొరికాయి. రెండో రోజు రైలు పట్టాల పక్క తుప్పలు. పక్కింటి ఒడియా తాతగారు "డొంకలో" అని విని "డొంగొరొ" అనుకున్నారు, అంటే వాళ్ళ భాషలో కొండ. మహేంద్రగిరి వైపు చెయ్యి చూపించి, సైకిలుతో కొండెక్కినవాడు దొంగ కాదు, పిచ్చివాడు అన్నారు.

ఆ రాత్రి మా మేనత్త వీధరుగు మీద కూర్చుని పిన్నీసుతో వాడి పాదంలోంచి పల్లేరు ముళ్ళు తీస్తోంది. ఆవిడ తెలుగు పంతులమ్మగా చేసి రిటైరైంది. ఒక ముల్లు తీసి గోటి మీద పెట్టుకుని చూసి, "ఏదీ, ఆ చీటీ ఇలా తే" అంది. లైటు కింద పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇది మన ఊరోళ్ళు రాసింది కాదర్రా."

ఎలా చెప్పగలవంటే, వేళ్ళు ముడుస్తూ చెప్పింది. ఒకటి, మనమైతే తుప్పల్లో ఉందంటాం. డొంక మనకి సామెతలోనే గాని నోటి మీద లేదు. రెండు, ఈ వీధిలో ముప్పై ఏళ్ళలోపు వాళ్ళలో తెలుగు ఇంత గుండ్రంగా రాసేది ఎంతమంది? అందరివీ ఒడియా చదువులేనాయె. మూడోది చెప్పలేదు. మేడ మెట్ల వైపు ఒకసారి చూసి ఊరుకుంది.

నేనప్పుడు గమనించలేదు గాని, ఆవిడ పట్టుకున్న పద్ధతి ఈ ఊరి పద్ధతే. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో ఇక్కడి రాజావారి బడిలో పంతులుగా చేరారు. పుస్తకంలో ఏముందని కాదు, జనం నోట ఏముందో అది భాష అన్నారు. సవర భాష నేర్చుకోడానికి మన్యంలో తిరిగి తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, దానికి క్వినైను మింగి చెవుడు తెచ్చుకున్నారు. మనుషుల మాట వినడానికి వెళ్ళి చెవులు పోగొట్టుకున్న మనిషి! మా అత్త ఆయన పేరు చెప్పి మాకు వెయ్యిసార్లు క్లాసు పీకింది. ఎవరు ఏ మాట అంటున్నారో చెవి పెట్టి వింటే వాళ్ళ ఊరు తెలుస్తుందని.

పొద్దున్నే గుంటూరులో ఉన్న తన పాత స్నేహితురాలికి ఫోను చేసింది. కుశల ప్రశ్నలు లేవు, ఏమీ లేవు. "మీ వైపు డొంక అంటే ఏవిటే?" అవతలావిడ తడుముకోకుండా చెప్పింది: "పొలాలకి బళ్ళు పోయే దారి. ఏం?" అత్త ఫోను పెట్టేసింది.

ఊరి చివర మాకు అలాంటి దారి ఒక్కటే ఉంది. మేం బండి దారి అంటాం. ఆ సాయంత్రం ఒక్కర్తే వెళ్ళింది. చీకటి పడుతుంటే సైకిలు నడిపించుకుంటూ వచ్చింది. "మేడ మీద పిల్ల పనుండి తీసుకెళ్ళిందిట. పంచరైతే అక్కడ చింతచెట్టు కింద పెట్టేసింది. అడక్కుండా తీశానని సిగ్గుపడి చీటీ రాసింది. దాన్నేమీ అనకండి," అంది. మేమేమీ అనలేదు. అనకపోవడమే కాదు, వచ్చే మాఘంలో ఆ అమ్మాయి మా మరదలైంది.

అంచేత ప్రశ్న అడిగినవారికి నా జవాబు: మీ డొంక దారే, సామెతలో డొంక పొదే. రెండూ నిజమైన తెలుగే. ఏది ఎవరి నోట ఉందో చూసుకోకపోతే ముళ్ళు గుచ్చుకుంటాయి.

బాపట్ల నుంచి ఒకరు: మా దగ్గర డొంక అంటే దారి తప్ప ఇంకో అర్థమే తెలియదండి. గుంటూరులో డొంకరోడ్డు అని పెద్ద రోడ్డే ఉంది. అయితే ఒకటి. పాత డొంకలు పొలం కంటే పల్లంగా ఉండేవి, అటూ ఇటూ నిలువెత్తు ముళ్ళకంప. ఎదురుగా బండి వస్తే తప్పుకోడానికి చోటుండేది కాదు. పొద పేరే దాని మధ్య నుంచి పోయే దారికి అంటుకుందేమో?

నేను: నాకూ అదే సబబుగా తోస్తోంది. రుజువు అడక్కండి గాని, చింతల మధ్య వెలసిన ఊరు చింతలపూడి అయినప్పుడు డొంకల మధ్య పోయే దారి డొంక ఎందుకు కాకూడదు?

కాకినాడ నుంచి: బళ్ళ దారి మాకు పుంత. చర్చ సమాప్తం.

నేను: మీ ఊళ్ళో సైకిళ్ళు పోవన్నమాట.

రాయగడ నుంచి ఒకరు: మీ తాతగారి తప్పేం లేదు. డొంగొరొ అంటే కొండే. మా నియమగిరి మీద ఉండే డొంగరియా కొంధులకి ఆ పేరు వచ్చింది దాన్నుంచే. మన డొంకకీ దానికీ చుట్టరికం ఉందంటారా?

నేను: చెవికి దగ్గరగా ఉన్నాయి కదా అని చుట్టరికం కలిపేస్తే సరిహద్దు ఊళ్ళలో అందరూ మనకి మేనమామలే అవుతారు. కొండ వేరు, తుప్ప వేరు. రెండూ ఒక్కటేనని గట్టిగా చెప్పే ఆధారం నాకు కనబడలేదు, కాబట్టి కలపను.

విజయనగరం నుంచి ఒకరు: మరి డొంకతిరుగుడు సంగతేమిటి? అందులో డొంక దారా, పొదా?

నేను: ఇదండీ అసలైన ప్రశ్న. నేను సామెత దగ్గరే ఆగిపోయాను. డొంకతిరుగుడు మాటలంటే సూటిగా చెప్పకుండా చుట్టూ తిప్పి చెప్పేవి. బళ్ళ దారి అనుకుంటే చక్కగా కుదురుతుంది. డొంక ఎప్పుడూ తిన్నగా పోదు, ఈ పొలం గట్టు ఆ పొలం గట్టు తప్పించుకుంటూ వంకర్లు తిరుగుతుంది. పొద అనుకున్నా కుదురుతుంది. తుప్ప అడ్డం వస్తే దూరలేం, చుట్టూ తిరిగి పోవాలి. మా అత్తని ఇప్పుడే అడిగాను. ఆవిడ పొదే అంది. అడ్డం ఏమీ లేకుండా ఊరికే తిరిగేవాడు ఎవడుంటాడు, చెప్పడానికి ఏదో అడ్డం ఉంటేనే మాట తిరుగుతుంది అంది. నా మొగ్గు దారి వైపే. ఇంట్లో రెండు ఓట్లు చీలిపోయాయి.

హైదరాబాదు నుంచి ఒకరు: మీ అత్తగారిని అపరాధ పరిశోధకురాలు అనొచ్చా?

నేను: అక్కడ అపరాధం ఏం జరిగిందండీ, పరిశోధించడానికి? మేం మామూలుగా "అత్త కూపీ లాగింది" అంటాం. చూడండి, కూపీనీ లాగుతాం, తీగనీ లాగుతాం. లాగడం మాత్రం తప్పదు.

తెనాలి నుంచి, ప్రస్తుతం పర్లాకిమిడి: వదినా, పక్క గదిలో కూర్చుని ఇంత కథ రాస్తూ నన్నొక్క మాట అడగలేదే? విజయనగరం వారికి ఓటు నేను వేస్తాను: ఆ డొంక దారే, అందులో తిరిగింది నేనే. సైకిలు పంచరవలేదు, సిగ్గూ పడలేదు. మీ తమ్ముడు తాళం వెయ్యడని తెలిసి నేనే తోసుకెళ్ళాను. అంతకుముందు వారం మెట్ల దగ్గరే ఆయనకి చెప్పాను, మా ఊళ్ళో బండి దారిని డొంక అంటామని, సాయంత్రాలు మా నాన్నతో అందులో నడిచేదాన్నని. "ఇక్కడా అలాంటి దారుంది, చింతచెట్టు కూడా ఉంది, చూపిస్తా" అన్నారు. సరే, పెద్ద డిటెక్టివ్ కదా, ఆ ఒక్క మాట అందిస్తే చాలు, వెతుక్కుంటూ వస్తారనుకున్నాను. చీటీ మీరు పైకి చదువుతారనీ, ఆయన చెప్పిన మాట అంత సుబ్బరంగా మర్చిపోతారనీ నాకేం తెలుసు? రెండు సాయంత్రాలు వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ఆ చెట్టు కింద సైకిలు పక్కన కూర్చున్నాను. మూడో రోజు అడుగుల చప్పుడైతే జడ సర్దుకుని లేచాను. చూస్తే అత్తయ్యగారు. నన్ను చూశారు, సైకిల్ని చూశారు, తొక్కల గుట్టని చూశారు. ఇంకో ప్రశ్న వెయ్యలేదు. స్టాండు తీసి, "వాడింకా తుప్పల్లోనే ఉన్నాడమ్మా, చీకటి పడకుండా ఇంటికి పద" అన్నారు.