అప్‌డేట్: నాన్నను ఫేజ్ 1 ట్రయల్‌లో చేర్చాం

క్యాన్సర్ మందులు పనిచేయడం మానేశాక నాన్నను ఫేజ్ 1 ట్రయల్‌లో (కొత్త మందును మనుషులపై పరీక్షించే తొలి దశ) చేర్చాలా వద్దా అని అడిగాను కదా, చేర్చాం. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

ఈ దశలో ముఖ్యంగా చూసేది ఏ డోసు వరకు తట్టుకోగలరనేదే, జబ్బు తగ్గుతుందని హామీ లేదు అని సంతకానికి ముందే చెప్పారు. ఎప్పుడైనా మానేయొచ్చు.

మందు కంటే ప్రయాణమే నాన్నను నలిపేస్తోంది. గుంటూరు నుంచి హైదరాబాద్ వెళ్లాలి, అక్కడ రోజంతా గంటల లెక్కన రక్తం తీస్తూనే ఉంటారు. ఇంటికొచ్చాక మంచం దిగరు. గోంగూర పచ్చడి కూడా చప్పగా ఉందంటున్నారు, గుంటూరు మనిషికి ఇంకేం కావాలి!

క్యాన్సర్ ఉన్నవాళ్ల జీవన నాణ్యత తెలుసుకోడానికి క్యూఎల్‌క్యూ-సీ30 అని 30 ప్రశ్నల ఫారం ఉంటుంది. గత వారం నిద్ర, నొప్పి, ఆకలి ఎలా ఉన్నాయి, డబ్బు ఇబ్బంది ఉందా, ఇలా. చివర్లో మొత్తం జీవన నాణ్యతకు 1 నుంచి 7 వరకు మార్కు వేయాలి. నిజం చెబితే ట్రయల్ నుంచి తీసేస్తారేమోనని నాన్న అన్నీ బాగున్నాయనే రాయించేవారు. నర్సమ్మ గట్టిగా అడిగితే నొప్పి సంగతి బయటపడింది. నొప్పి మాత్ర మార్చారు, ఇప్పుడు నిద్ర పడుతోంది.

స్కాన్ వచ్చే నెల. అప్పటిదాకా కొనసాగుదామని నాన్నే అన్నారు.