బీటా గ్లోబిన్ మ్యుటేషన్లలో పాత, కొత్త అంకెలను వేరుచేయడం ఎలా?

హిమోగ్లోబిన్ బీటా గొలుసులోని మ్యుటేషన్ల పట్టికను బయోపైథాన్‌తో (జీవశాస్త్ర డేటా కోసం వాడే పైథాన్ లైబ్రరీ) చదివి, యూనిప్రాట్ అనే ప్రోటీన్ల డేటాబేస్‌లో పీ68871గా ఉన్న ఈ గొలుసు అమైనో ఆమ్లాల వరుసతో సరిపోల్చి, మ్యుటేషన్లకు పేరు పెట్టే ప్రామాణిక హెచ్‌జీవీఎస్ పద్ధతిలోకి మార్చే స్క్రిప్టు రాస్తున్నాను. పట్టికలో కొన్ని పేర్లు వరుస మొదట్లో ఉండే మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాన్ని లెక్కించని పాత అంకెలతోను, మరికొన్ని దాన్ని 1గా లెక్కించే కొత్త అంకెలతోను కలగలిసి ఉన్నాయి. ఏది ఏ పద్ధతో తెలిపే గడి లేదు.

పేర్కొన్న స్థానంలో అసలు అమైనో ఆమ్లం సరిపోకపోతే అంకెకు 1 కలిపి మళ్లీ పరీక్షించేలా రాశాను. సికిల్ సెల్ వ్యాధికి చెందిన 'గ్లూ6వాల్' (6వ స్థానంలోని గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్) విషయంలో ఇది చక్కగా పనిచేస్తోంది, ఎందుకంటే మెథియోనిన్‌తో కూడిన పూర్తి వరుసలో 6వ స్థానంలో ఉన్నది ప్రోలిన్. 'హిమోగ్లోబిన్-ఈ' అనే రకం తాలూకు 'గ్లూ26లైస్' (గ్లుటామిక్ ఆమ్లం బదులు లైసిన్) కూడా అలాగే 27కు సరిగ్గా మారుతోంది.

చిక్కంతా 'గ్లూ7లైస్' దగ్గర వస్తోంది. పూర్తి వరుసలో 7, 8 స్థానాలు రెండూ గ్లుటామిక్ ఆమ్లమే కావడంతో పరీక్ష ఏ హెచ్చరికా లేకుండా నెగ్గుతోంది; కానీ కొత్త లెక్కలో అది హిమోగ్లోబిన్ సి, పాత లెక్కలో హిమోగ్లోబిన్ సిరిరాజ్. రెండు వేర్వేరు రకాలు ఒకే పేరు కింద కలిసిపోవడం నాకు ఏమాత్రం ఆమోదయోగ్యం కాదు. పట్టికలో దానికి పైన, కింద ఉన్న పేర్ల అంకెలను బట్టి పద్ధతిని ఊహించి చూశాను గాని, పట్టిక కలగాపులగంగా ఉన్నందున అదీ నిలవలేదు.

డీఎన్‌ఏ స్థాయి వివరం లేనప్పుడు, ఇలాంటి పేరును ఒకే ఒక్క హెచ్‌జీవీఎస్ పేరుగా తేల్చడానికి మీరు ఏ అదనపు ఆధారాన్ని వాడుతున్నారు?