విదేశంలో ఉంటూ చిన్నపిల్లలను ఇండోర్ ప్లే సెంటర్లకు తీసుకువెళ్లడం గురించి సలహా కావాలి

ప్రశ్న – ఇద్దరు పిల్లల తల్లి

మేము విదేశానికి వచ్చి 8 నెలలైంది. బాబుకు 3 ఏళ్లు, పాపకు 11 నెలలు. ఏడాదిలో సగం రోజులు బయట ఆడించలేని వాతావరణం. ఇంట్లో పరుగెత్తనిద్దామంటే కింది అంతస్తువారికి ఇబ్బంది. అందుకని వారానికొకసారి ఇద్దరినీ ప్లే సెంటర్‌కు తీసుకువెళ్లడం మొదలుపెట్టాను. ఇప్పటికి 5 సార్లు వెళ్లాము. అందులో 2 సార్లు మూడో రోజుకల్లా ఇంటిల్లిపాదికీ వాంతులు పట్టుకున్నాయి.

అంతకంటే నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మరొకటి ఉంది. బాబుకు తెలుగు తప్ప మరో భాష రాదు. అక్కడికి వెళ్లాక గంటసేపూ బాల్ పిట్ (బంతులు నింపిన గుంట) గట్టు పట్టుకుని మిగతా పిల్లలను చూస్తూ నిలబడతాడే గాని లోపలికి దిగడు. తీరా ఇంటిదారి పట్టగానే మళ్లీ ఎప్పుడు వెళ్దామని అడుగుతాడు. వాడికి అది నచ్చుతున్నట్టా, నచ్చనట్టా? పైగా లోపలికి వెళ్లేముందు ఒక కాగితం మీద సంతకం చేయమంటారు. పాప ఏడుపులో నేను దాన్ని ఏనాడూ చదవలేదు. అనుభవమున్నవారు చెప్పగలరు.

జవాబు – నర్సుగా పనిచేస్తున్న ఒక తల్లి

ముందు వాంతుల సంగతి చెబుతాను. నా అనుమానం నోరోవైరస్ మీద. అది సోకిన 12 నుంచి 48 గంటల్లో వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. ఒకరి నుంచి ఇంట్లో అందరికీ పాకుతుంది. చాలామంది తల్లిదండ్రులు గుమ్మం దగ్గర పెట్టిన శానిటైజర్ పిల్లల చేతులకు రాసి అక్కడితో పని అయిపోయిందనుకుంటారు గాని, ఆల్కహాల్ శానిటైజర్ ఈ వైరస్ మీద సరిగా పనిచేయదు. సబ్బుతో, పారే నీటి కింద, కనీసం 20 సెకన్లు చేతులు కడగవలసిందే. ఆట ముగిశాక ఒకసారి, ఏదైనా తినిపించే ముందు మరోసారి కడగండి. మీ పిల్లలకు వచ్చినప్పుడు కూడా, వాంతులు, విరేచనాలు పూర్తిగా ఆగిన తరువాత 48 గంటలు గడిచేదాకా అక్కడికి తీసుకువెళ్లకండి. ఈ నియమం అందరూ పాటించి ఉంటే బహుశా మీకు ఈ కష్టమే వచ్చేది కాదు.

ఇక పాప విషయంలో నాకు ఇంకొక సందేహం ఉంది. తట్టు టీకా మొదటి మోతాదును కొన్ని దేశాలలో 9 నెలలకే వేస్తారు, మరికొన్నింటిలో 12 నెలలు నిండాక గాని వేయరు. దేశం మారిన పిల్లలకు రెండు దేశాల టీకా పట్టికల నడుమ ఈ టీకా జారిపోయే అవకాశముంది. తట్టు సోకినవారు గది విడిచి వెళ్లాక కూడా ఆ వైరస్ 2 గంటల వరకు గాలిలో ఉండగలదు కాబట్టి, టీకా పడిందో లేదో పాప కార్డు తీసి ఈరోజే చూడండి. పడకపోతే, ముఖ్యంగా చుట్టుపక్కల తట్టు ఉన్నట్టు తెలిస్తే, పాపను ఇంట్లోనే ఉంచడం మంచిది. వీలైతే పని రోజుల్లో, తలుపులు తీసిన వెంటనే వెళ్లండి. అప్పుడు జనం తక్కువగా ఉంటారు.

జవాబు – ఒక తండ్రి

జబ్బుల గురించి పైవారు చెప్పారు కాబట్టి నేను దెబ్బల గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే ఆ పాఠం నేను మా అమ్మాయి కాలితో నేర్చుకున్నాను. దానికి అప్పుడు 2 ఏళ్లు. ఒంటరిగా జారితే పడిపోతుందేమోనన్న భయంతో ఒళ్లో కూర్చోబెట్టుకుని జారుడుబల్ల మీద నుంచి నేనే జారాను. సగం దారిలో దాని పాదం పక్కగోడకు అతుక్కున్నట్టు ఆగిపోయింది. నా బరువుతో మేమిద్దరం కిందికి వెళ్లిపోయాము. మోకాలి కింది ఎముక విరిగింది. పిల్ల ఒక్కతే జారి ఉంటే, పాదం తట్టుకున్న చోట తనూ ఆగిపోయేది. వెనక పెద్దవారి బరువు ఉన్నప్పుడు ఆ చిన్న కాలు మెలితిరగక తప్పదని డాక్టరు వివరించేదాకా, నేను జాగ్రత్త తీసుకుంటున్నాననే అనుకున్నాను. ఒంటరిగా జారలేని వయసు పిల్లలకు ఆ జారుడుబల్ల తగినది కాదని అర్థం, అంతే.

ఎక్కి గెంతే ట్రాంపోలిన్ కూడా ఉంటే బాబును దాని దగ్గరకు పంపకండి. పిల్లల డాక్టర్ల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2012లో ప్రకటించినదాని ప్రకారం, దాని మీద తగిలే దెబ్బలలో నాలుగింట సుమారు మూడొంతులు ఒకరికంటే ఎక్కువమంది కలిసి గెంతినప్పుడే తగులుతున్నాయి. ఆ గెంతేవారిలో అందరికంటే తేలికగా ఉన్న పిల్లలకే ఎక్కువ ప్రమాదం. మెడలో గొలుసులు, టోపీకి తాళ్లు ఉన్న చొక్కాలు ఇంటి దగ్గరే తీసేయండి. అవి వలల్లో, జారుడుబల్ల సందుల్లో చిక్కుకుంటే మెడకు బిగుసుకుంటాయి.

సంతకం చేసే కాగితాన్ని మాత్రం తప్పక చదవండి. భాష కష్టమనిపిస్తే ఫోన్‌తో ఫోటో తీసి ఇంటి దగ్గర తీరికగా అనువదించుకోండి. పిల్లలను కనిపెట్టుకుని ఉండే బాధ్యత తల్లిదండ్రులదేనని అందులో సాధారణంగా రాసి ఉంటుంది. అది పిల్లలను అప్పగించి వచ్చే చోటు కాదు.

జవాబు – పసిపిల్లల బడిలో టీచర్

బాబు గట్టు పట్టుకుని నిలబడడం చూసి మీరు అంతగా కలవరపడనక్కరలేదు. మిల్డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు 1932లో చిన్నపిల్లల ఆటను రకాలుగా విభజించినప్పుడు, చేరకుండా నిలబడి చూడడాన్ని కూడా అందులో ఒక రకంగా లెక్కించారు. దాని తరువాతిది పక్కపక్కనే ఉండి ఎవరి ఆట వారు ఆడుకోవడం. దానికి భాషతో పెద్దగా పని లేదు. ఇంటికి వెళ్తూ మళ్లీ ఎప్పుడని అడుగుతున్నాడంటే మీ ప్రశ్నకు జవాబు వాడే చెబుతున్నాడు. కొత్త భాష చెవిన పడుతున్న పిల్లలు కొన్ని నెలలపాటు నోరు విప్పకుండా వినడం మా తరగతిలో మేము ఏటా చూసేదే. అందుకని ఇంట్లో తెలుగు మాట్లాడడం మానుకోకండి.

చేయగలిగినది ఒకటి ఉంది. "నా వంతు", "ఆపు", "నేనూ రావచ్చా" అనే మూడు మాటలను అక్కడి భాషలో, బొమ్మలతో ఆడుతూ ఇంట్లోనే నేర్పండి. ఎవరైనా తోసినప్పుడు "ఆపు" అనలేని పిల్లవాడు కొడతాడు, లేదా ఏడుస్తాడు. చూసేవారికి రెండూ తప్పుగానే కనిపిస్తాయి. నర్సుగారు చెప్పిన జనం తక్కువగా ఉండే వేళ జబ్బులకు మంచిదే గాని, హాలు మరీ ఖాళీగా ఉంటే మీ బాబుకు చూడడానికి ఎవరూ ఉండరు. ప్రతి వారమూ ఒకే రోజు, ఒకే వేళకు వెళ్లండి. అవే ముఖాలు మళ్లీ మళ్లీ కనిపిస్తే బెరుకు పోతుంది.

ప్రశ్న అడిగినవారి మాట

అందరికీ ధన్యవాదాలు. కార్డు తీసి చూశాను; పాపకు తట్టు టీకా పడలేదు. వచ్చే నెలకు అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, అంతవరకు పాప వాళ్ల నాన్న దగ్గర ఇంట్లోనే ఉంటుంది. నిన్న బాబును ఒక్కడినే తీసుకువెళ్లాను. గట్టు దగ్గర 40 నిమిషాలు నిలబడ్డాడు, తరువాత ఒక కాలు బంతుల్లో పెట్టి తీసేశాడు. ఈసారి ఆ కాగితం ఫోటో తీసి పూర్తిగా చదివాను. పెద్దలు పిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకుని జారరాదని నాలుగో వాక్యంలోనే ఉంది. కిందటి వారం నేను పాపతో మూడుసార్లు అలా జారాను.