సీజన్‌లో మధ్యాహ్నం స్లాట్: అదృష్టమా, పట్టుదలా?

మాడవీధి: చెన్నై సభల్లో, అంటే కర్ణాటక సంగీత కచేరీలు పెట్టే సంస్థల్లో, డిసెంబర్ సీజన్‌లో జూనియర్లకి మధ్యాహ్నం కచేరీ దొరకాలంటే సభ సెక్రటరీగారి కంట్లో పడే అదృష్టం ఉండాలి, సాధన ఒక్కటే చాలదు అంటున్నారు చాలామంది. ఒప్పుకుంటారా?

ఆదితాళం: సగమే ఒప్పుకుంటానండీ. అదృష్టం చాలాసార్లు ఫోన్ రూపంలో వస్తుంది. మంచుకి ఎవరికో గొంతు పట్టేస్తుంది, "ఇవాళ పన్నెండింటికి పాడతారా?" అని పొద్దున్నే అడుగుతారు. సరేననాలంటే పక్కవాద్యాల వాళ్లలో ఆ పూట ఎవరు ఖాళీయో ముందే తెలిసుండాలి. మీ శ్రుతి, అంటే గొంతు ఆధార స్వరం ఎంత ఎత్తో, కూడా చెప్పి పిలవాలి. ఆడవాళ్లది సాధారణంగా ఐదు కట్టై (శ్రుతి మెట్టు), మగవాళ్లది ఒకటి, ఒకటిన్నర. హెచ్చు శ్రుతికీ తగ్గు శ్రుతికీ మృదంగాలే వేరు. చెప్పకపోతే విద్వాంసుడు తెచ్చిన మృదంగం మీ గొంతుకి కలవదు.

ఇక టైము. గాయకుడు అరియక్కుడి రామానుజ అయ్యంగార్ తీర్చిదిద్దిన కచేరీ పద్ధతిని గంటన్నరకి కుదించుకోవాలి. వర్ణం (కచేరీ మొదట్లో పాడేది) 6 నిమిషాలు, చిన్న కృతి స్వరాలతో 10, ఉపప్రధానం (ప్రధాన కృతికి ముందొచ్చే పెద్ద అంశం) 18, చురుకైనది ఒకటి 4. ప్రధాన రాగం ఆలాపన (సాహిత్యం లేకుండా రాగాన్ని పాడటం) 10, వయొలిన్‌కి 6, కృతి, నెరవల్ (ఒకే పాదాన్ని రకరకాలుగా పాడటం), స్వరకల్పన (అప్పటికప్పుడు స్వరాలు అల్లడం) కలిపి 20, తని ఆవర్తనం (మృదంగం ఒంటరిగా వాయించేది) 8. జావళి, మంగళం 6. మొత్తం 88. జూనియర్లు దెబ్బతినేది ఉపప్రధానం దగ్గరే. చప్పట్లు పడ్డాయని ఆలాపన సాగదీస్తారు, చివరికి కోత తనికి పడుతుంది. మృదంగం ఆయన మళ్లీ పిలిస్తే రారు. న్యాయమే కదా!

తంబూరతీగ: ఇదంతా చెన్నైలో ఇల్లున్నవాళ్లకి, సర్. విజయవాడ నుంచి వచ్చినవాళ్లు ఆ ఫోన్ ఎలా అందుకుంటారు? నెల్లాళ్లు గది అద్దె, పక్కవాద్యాలకి సంభావన, అన్నీ చేతి నుంచే. చాలా సభల్లో మధ్యాహ్నం కచేరీలకి టికెట్టే ఉండదు, పాడినవాళ్లకి ముట్టేది అంతంతమాత్రం. పైగా కొన్నిచోట్ల జూనియర్ల దగ్గరే విరాళం పుచ్చుకుంటారన్న విమర్శ ఎప్పటినుంచో ఉంది. డబ్బున్నవాళ్ల ఓపికని పట్టుదల అంటే ఎలా?

ఆదితాళం: డబ్బు మాట నిజం, కాదనను. అందుకే ఆశంతా సీజన్ మీద పెట్టుకోవద్దనేది. శ్రీరామనవమి పందిళ్లు, నవరాత్రి గుడి కచేరీలు మీ ఊళ్లోనే ఉన్నాయి. అక్కడ పాడింది కోతల్లేకుండా రికార్డు చేసి, డిసెంబరుకి చాలా నెలల ముందే దరఖాస్తుతో పంపండి. అతికించిన క్లిప్‌లో తాళం నిలకడ తెలియదు.

తెలుగువాళ్లకి ఇంకో బలం ఉంది, దాన్నే వదిలేస్తున్నారు. నెరవల్‌కి అర్థం పూర్తయ్యే పాదం ఎంచుకుని, మాట విరగకుండా పాడండి. త్యాగరాజ కృతిలో మాట ముక్కలైతే ముందు వరుసలో కూర్చున్న తమిళ రసికులు కూడా మొహం చిట్లిస్తారు.

మాడవీధి: మరి విరాళం అడిగితే?

తంబూరతీగ: ఇవ్వొద్దు. ఆ డబ్బుతో మంచి మృదంగ విద్వాంసుణ్ణి మీ ఊరికి పిలిపించి, రెండు కచేరీలు నిండుగా పాడుకోండి.

ఆదితాళం: ఈ మాట మాత్రం నాదీ.