పీజీకి ఉస్మానియానా, మన జిల్లా యూనివర్సిటీయా?

నారాయణపేట నాయిన: బిడ్డ డిగ్రీ అయిపోయింది. సీపీగెట్‌ల, అదే పీజీ ఎంట్రెన్సుల, మంచి ర్యాంకొచ్చింది. వెబ్ ఆప్షన్లల్ల ఉస్మానియా ముందు పెట్టాల్నా, పాలమూరా?

దేవరకొండ మాస్టారు: ఉస్మానియానే. 1917 నాటి చదువుల తల్లి అది. తర్జుమా శాఖ పెట్టి, పుస్తకాలు ఉర్దూలకు మార్చి పైచదువు చెప్పిన చోటు. 1969ల, 2009ల తెలంగాణ కోసం ముందు లేచింది ఆ పిల్లలే. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూసున్నోనికి వచ్చే ధైర్యం ఇంటికాడ రాదు.

పాలమూరోడు: 1918 సార్.

దేవరకొండ మాస్టారు: నూరేండ్ల పండుగ 2017లనే చేసిండ్రు కద.

పాలమూరోడు: నిజాం ఫర్మానా 1917, యూనివర్సిటీ మొదలైంది 1918. ఫర్మానాతోని చదువు రాదు. నల్లగొండల ఎంజీయూ, అంటే మహాత్మాగాంధీ యూనివర్సిటీ, 2007ల, పాలమూరు యూనివర్సిటీ 2008ల వచ్చినయి. అంతకుముందు రెండు చోట్లా నడిచింది ఉస్మానియా పీజీ సెంటర్లే. ఎంట్రెన్సు గూడ అందరికీ ఒక్కటే.

మిర్యాలగూడ: నేను ఎంజీయూల చేసిన. ఒక ఇంటర్వ్యూల సర్టిఫికెట్ చూసి "ఇది యాడుంది" అన్నరు. సబ్జెక్టుల ఒక్క ప్రశ్న అడగలే.

పాలమూరోడు: తప్పు అడిగినోనిది.

దేవరకొండ మాస్టారు: తమ్మీ, ఆ తప్పుకు ఉద్యోగం పోయింది పిల్లగానికి. నువ్వు తారీఖు పట్టుకొని కూసున్నవు.

పాలమూరోడు: మీరు మెట్లు పట్టుకొని కూసున్నరు! మా చెల్లెకు ఉస్మానియాల కెమిస్ట్రీ సీటొచ్చింది. నాయిన పంపలే. రోజూ పొద్దుగాల సద్ది కట్టుకొని, బస్సెక్కి పాలమూరు యూనివర్సిటీ ఉన్న బండమీదిపల్లికి పొయ్యొచ్చింది. ఇప్పుడు జూనియర్ లెక్చరర్. ఆమె చదువు తక్కువదా?

దేవరకొండ మాస్టారు: తక్కువని నేననలే. ఆమెకు హైదరాబాద్ పోవాలని ఉండెనా?

పాలమూరోడు: ఉండె. రెండు రోజులు అన్నం తినలే.

దేవరకొండ మాస్టారు: నా బాధ గదే. నా బిడ్డను నేనే ఆపిన, నల్లగొండ దగ్గరుంది కద అని. ఆమె ఇంకా ఆ ముచ్చట ఎత్తుతది. మగపిల్లగాన్ని మాత్రం తోలిన.

పాలమూరోడు: మాస్టారూ, పాలమూరు లేకుంటే మా నాయిన ఆమెను డిగ్రీ కాడ్నే ఆపి పెండ్లి చేస్తుండె. అది గూడ చెప్పండి.

దేవరకొండ మాస్టారు: నిజమే. కాదనను.

నారాయణపేట నాయిన: ఇంతసేపు నేను బిడ్డను అడగనే లేదు. అడిగిన. ఉస్మానియా అన్నది. ఆడపిల్లల హాస్టల్ సంగతి తెలిసినోళ్లు జర చెప్పండి.