"నొక్క"నా, "నొక"నా?

— ఒకే మోడల్ ఇయర్‌ఫోన్స్ రెండు కొన్నాను, నాకొకటి, చెల్లికొకటి. చూడ్డానికి అచ్చు గుద్దినట్టు ఒకటే, కానీ చెల్లిదాంట్లో మృదంగం ఎడమ ముఖం గుమ్మని మోగుతోంది, నాదాంట్లో ఆ గుమ్మే లేదు. వేమన గుర్తొచ్చాడు. "ఉప్పు కప్పురంబు నొక పోలిక నుండు"... ఎక్కడో తడబడుతోంది. "నొక"నా, "నొక్క"నా?

— "నొక్క"నే. ఇది ఆటవెలది, మొదటి పాదం చివర రెండు ఇంద్రగణాలు రావాలి. "నొక్కపో" రగణం, "లిక నుండు" సలం, రెండూ ఇంద్రగణాలే. "నొక" అంటే "నొకపోలి" సలమయి, చివర "క నుండు" జగణం మిగులుతుంది. అది ఇంద్రగణం కాదు.

— గణాలు సరే మాస్టారూ, అర్థం మాటేంటి? ఒక్క అంటే బొత్తిగా ఒకటే అని. నేను ఆంప్లిఫయర్లు రిపేరు చేస్తాను, బంగారు గీత రెసిస్టర్‌కి టాలరెన్స్, అంటే ఒప్పుకునే తేడా, ఐదు శాతం; 100 ఓంలది 95 నుంచి 105 దాకా ఎంతైనా ఉండొచ్చు. చిన్న మైక్ క్యాప్సూల్స్ డేటాషీట్లో అయితే ప్లస్ ఆర్ మైనస్ 3 డెసిబెల్స్ అని మామూలుగానే రాస్తారు, అంటే ఒకే డబ్బాలో రెంటికి 6 దాకా తేడా. నా ఓటు "నొక"కే :)

— అన్నా, ఛందస్సుకి టాలరెన్స్ ఉండదు.

— అసలు గొడవ "చూడ చూడ" దగ్గరుంది. పోలిక కంటికి, తేడా నాలుకకి. కాబట్టి ఇక్కడ చూడటం అంటే రుచి చూడటమే. మనం "విని చూడు" అనమూ?

— అలా అయితే "రుచుల జాడ" ఎందుకు మళ్ళీ? చూడగా చూడగా, నాలుగు రోజులు వాడగా తెలుస్తుందని.

— "జాడ" ఊరికే పడలేదండీ. యతికి చూ, జా అచ్చులు కలవవు, అందుకే చూడ–జాడ అని రెండో అక్షరం "డ" కలిపి ప్రాసయతితో నిలబెట్టాడు. అక్కడ "తీరు వేరు" పెట్టి చూడండి, పాదం కూలుతుంది. అందుకే ఆయన్ని చదువురానివాడు అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

— బ్రౌన్ దొర 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించకముందే ఎన్నో రాతప్రతులు పక్కపక్కన పెట్టుకున్నాడు. వాటిలోనే ప్రతికో పాఠం.

— తమ్ముడూ, ముందు రెంటి రబ్బరు తొడుగులూ మార్చి విను. చెవిలో బిగువు తప్పితే బేస్ అంతా బయటికే పోతుంది.

— మార్చానక్కా, సగం తేడా పోయింది, మిగతాది అలాగే ఉంది. ఇంతకీ "కప్పురంబు నొక్క"లో ఆ "న" ఎక్కణ్ణుంచి వచ్చింది? కప్పురంబును అనా?